పాతది పనిచేయుచుండగనే

కంప్యూటరుచేత పని చేయించు ఆజ్ఞల సముదాయమునకు సాఫ్ట్‌వేరని పేరు. పూర్వము లెక్కలు, నిల్వలు, చెల్లింపులు అన్నియు నొకే ముద్దగా వ్రాసెడివారు. అందొక మూల చెడినచో మొత్తము నిలిచిపోవచ్చును. 2008లో అమెరికాలోని నెట్‌ఫ్లిక్స్ సంస్థవారి సమాచార భాండారము చెడి, మూడు దినములు చందాదారులకు సినిమా డీవీడీలు పంపుట సాగలేదు. అంతట వారు ఆ ముద్దను మైక్రోసర్వీసులుగా, అనగా వేఱువేఱుగ నడచు చిన్న సేవలుగా, విడదీయ నారంభించిరి. ఆ పని 2016 నాటికి గాని ముగియలేదు.

ఇన్ని యేండ్లేల పట్టెను? మన గోదావరినే చూడుడు. కాటన్ దొర 1847లో మొదలిడి 1852లో ముగించిన ధవళేశ్వరపు ఆనకట్ట పాతబడగా, 1970లో క్రొత్త బ్యారేజి నారంభించిరి. ముందే పాతదానిని తొలగించియున్నచో మన ఉప్పలగుప్తపు చేలకు నీరెట్లు వచ్చును? కావున దానికెగువను క్రొత్తది కట్టిరి. 1982లో అది పూర్తియగు వఱకు కాలువలకు పాతదే యాధారము.

సాఫ్ట్‌వేరునందును అదియే క్రమము. మొదట చెల్లింపులవంటి యొక్క పనిని వేఱుగ వ్రాసి, ఆ పనికై వచ్చువారిని మాత్రము క్రొత్తదానివైపు మరల్పవలెను. అది నిలకడగ నడచిన పిమ్మటనే రెండవది.

అయితే వేఱుపాటునకును వెల గలదు. ఒకే యింటనున్నవారు పిలిచిన పలుకుదురు. వేఱుపడినవారికి కబురంపవలెను, అది దారి తప్పవచ్చును. అందుచే చిన్న పనికి పాత ముద్దయే మేలని నా యభిప్రాయము.

1998లో కార్డు పథకముతో మన రిజిస్ట్రేషను కచేరీలు కంప్యూటరు నాశ్రయించెను. మన దస్తావేజులు నేడు వానియందే యున్నవి. ఎవరైనను క్రొత్తది వచ్చువఱకు ఆగుడనినచో, పాతదాని నేల ఆపితిరని మీరడుగవలెను.