పెరటి పుంజుకు మంచి గుణం

పెరట్లో పది పెట్టలు తిరిగే ఇంట ఒక పుంజు తప్పక ఉంటుంది. గుడ్లు మాత్రమే చాలనుకుంటే పుంజుతో పని లేదు. అది లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది. కాని పిల్లలు తీయాలంటే పుంజు కావాలి. ఆకాశంలో గద్దను ముందుగా చూసి కేక వేసేది అదే. గింజ కనబడితే తాను తినక పెట్టలను పిలిచేదీ అదే. ఇన్ని మేళ్ళు చేసే ఆ పుంజే కొన్ని ఇళ్ళలో ఇల్లాలిని పెరట్లో అడుగు పెట్టనివ్వదు. నీళ్ళబిందెతో వచ్చే ఆడపిల్ల కాళ్ళ మీదికి ఎగిరి తన్నుతుంది. చిన్నపిల్లలు కర్ర చేతబట్టుకుంటే గాని నూతి దగ్గరకు పోలేరు.

"కోడిపుంజన్నాక పొడవదా?" అని పెద్దలు నవ్వి ఊరుకుంటారు. ఇది నవ్వి ఊరుకోవలసిన సంగతి కాదు. సాధువైన పుంజును ఎన్నుకోవచ్చు, పెంచవచ్చు, దాని సంతతిని ఇంట నిలుపుకోవచ్చు. ఇందుకు డబ్బు ఖర్చు లేదు. మూడు నాలుగేళ్ళ ఓపిక ఉంటే చాలు.

మాది చోడవరం. చుట్టూ చెరకు చేలు, మాడుగుల మీదుగా పాడేరు మన్యానికి పోయే దారి. 2022 ఏప్రిల్ 4న మా ఊరు విశాఖపట్నం జిల్లా నుండి కొత్తగా ఏర్పడిన అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది గాని, పెరటి కోళ్ళ తీరు మాత్రం మారలేదు. మా వీధిలో జరిగిన ఒక సంగతి చెబుతాము. ఒక ఇంట మూడేళ్ళ పాపను పుంజు కంటి కింద పొడిచింది. అర అంగుళం పైన తగిలి ఉంటే కన్ను పోయేది. ఆ ఇంటివారు మరునాడే దాన్ని అమ్మివేసి, పీడ వదిలిందనుకున్నారు. కాని అప్పటికే ఆ పుంజు వలన కలిగిన గుడ్లు ఆ వీధిలో మూడిళ్ళ పెట్టల కింద ఉన్నాయి. ఏడాది తిరిగేసరికి ఆ మూడిళ్ళలోనూ మనుషుల మీదికి దూకే పుంజులు తయారయ్యాయి. పుంజు పోయింది, గుణం ఉండిపోయింది.

పసిపిల్లల ముఖం కోడి ముక్కుకు అందే ఎత్తులోనే ఉంటుంది. వృద్ధులకూ అపాయం లేకపోలేదు. ఆస్ట్రేలియాలో గుడ్లు ఏరుకుంటున్న 76 ఏళ్ళ వృద్ధురాలిని పుంజు కాలి మీద పొడవగా, ఉబ్బి ఉన్న నరం తెగి రక్తం పోయి ఆమె మరణించిందని అక్కడి వైద్యులు 2019లో ప్రకటించారు. ఇలాంటిది బహు అరుదు. అయినా కాళ్ళ నరాలు ఉబ్బిన అమ్మమ్మలు, నడక నేర్చే పిల్లలు ఉన్న ఇంట జాగ్రత్త అవసరం.

గుణం ఎక్కడి నుండి వస్తుంది?

కొంత పుట్టుకతో వస్తుంది, కొంత పెంపకంతో వస్తుంది. పుట్టుక మాట ముందు చూద్దాం. పది పెట్టల మధ్య ఒకే పుంజు ఉంటే, ఆ ఏడు పెరట్లో పుట్టిన ప్రతి పిల్లకూ అదే తండ్రి. ఒక పెట్ట చెడ్డదైతే దాని పిల్లల వరకే నష్టం. పుంజు చెడ్డదైతే మంద మొత్తానికి నష్టం. అందుకే పుంజు ఎన్నికలో ఎక్కువ శ్రద్ధ కావాలి.

అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో పరిశోధకులు 1960ల కాలంలో ఒకే జాతి కోళ్ళను రెండు తెగలుగా విడదీశారు. ఒక తెగలో పోట్లాటలో నెగ్గేవాటినే, రెండో తెగలో తగ్గి ఉండేవాటినే తల్లిదండ్రులుగా ఉంచుతూ వచ్చారు. కొన్ని తరాలకే ఆ రెండు తెగల నడతలో స్పష్టమైన తేడా కనిపించింది. మన పెరట్లోనూ ఇదే జరుగుతుంది. అయితే మనం ఎంచకుండానే జరుగుతుంది. సాధువైన పుంజు చేతికి సులభంగా దొరుకుతుంది గనుక పండుగనాడు కూరలోకి ముందు పోయేది అదే. దొరకకుండా తిరగబడేది మిగిలిపోయి తరువాతి పిల్లలకు తండ్రి అవుతుంది.

పందెపు కోడి చెప్పే పాఠం

మన రాష్ట్రం పేరు చెబితే కోళ్ళవారికి గుర్తుకు వచ్చేది అసీల్ జాతి. ఆంధ్రప్రదేశ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ దీని సొంత నేల. బిగువైన ఒళ్ళు, పొడుగాటి మెడ, నిటారైన నిలువు. ఎదిగిన పుంజు మూడు నాలుగు కిలోలు తూగుతుంది. రంగును బట్టి డేగ, కాకి, నెమలి, సేతు అని పేర్లు పెట్టి, పందెగాళ్ళు తరతరాలుగా దీన్ని పోరాటానికే ఎన్నుకున్నారు. పల్నాటి చరిత్రలో బ్రహ్మనాయుడికీ నాగమ్మకూ మధ్య కోడిపందెం కథ తెలియని తెలుగువారు లేరు.

ఇంత పోరు జాతి అయినా, మంచి అసీల్ పుంజును యజమాని చంకన పెట్టుకుని సంతలో తిరుగుతాడు. సాటి పుంజు కనబడితే ఆగని పక్షి, మనిషి చేతిలో కదలకుండా కూర్చుంటుంది. ఇందులో వింత లేదు. పందెపు కోడిని రోజూ చేత పట్టాలి, ఒళ్ళు పామాలి, మేత తినిపించాలి. పట్టుకున్న చేతిని పొడిచే పక్షితో ఆ పని సాగదు. కాబట్టి సాటి పుంజుపై పౌరుషాన్నీ, మనిషి దగ్గర సాధుత్వాన్నీ వారు ఒకేసారి ఎన్నుకుంటూ వచ్చారు. ఈ రెండూ వేరు గుణాలని దీనివలన తెలుస్తుంది. పందెగాడు పందెం కోసం సాధించినదాన్ని మనం ఇంటి క్షేమం కోసం సాధించలేమా?

పిల్లప్పటి నుండి

పుంజుపిల్లకు మర్యాద నేర్పే మొదటి గురువు తల్లిపెట్ట. కోళ్ళలో ఎవరు ఎవరిని పొడవవచ్చునో, ఎవరు ఎవరికి తగ్గాలో ఒక వరుస ఉంటుందని నార్వే దేశస్థుడు షెల్డెరప్ ఎబ్బె 1921లో లోకానికి చెప్పాడు. తల్లి వెంట, పెద్ద పెట్టల మధ్య పెరిగిన పుంజుపిల్ల ఆ వరుస నేర్చుకుంటుంది. అత్యాశతో గింజ మీద పడితే పెద్ద పెట్ట ఒక పోటు పొడిచి బుద్ధి చెబుతుంది. ఒంటరిగా గంప కింద పెరిగిన పుంజుకు ఈ బుద్ధి రాదు.

ముద్దుగా ఉందని ఒక్క పుంజుపిల్లనే ఒళ్ళో పెట్టుకుని పెంచడం కూడా మంచిది కాదు. దానికి మనిషి భయం పోతుంది. ఎదిగిన తరువాత మనల్ని మరో పుంజుగా తలచి తగవుకు వస్తుంది. చేతిలో గింజలు వేయండి, అప్పుడప్పుడు ఎత్తి కాళ్ళూ రెక్కలూ చూడండి, మళ్ళీ మందలో వదలండి. అంతే చాలు.

పిల్లలకు మొదట నూకలు, చోళ్ళు వేయవచ్చు. పేడ, గడ్డి నింపిన కుండను బోర్లించి ఉంచితే పట్టే చెదపురుగులు మంచి బలం. మొదటి వారంలో లసోటా చుక్కలు, ఎనిమిదో వారంలో కొక్కెర తెగులుకు ఆర్‌-2-బి సూదిమందు పశువుల ఆసుపత్రిలో అడిగి వేయించండి. ఎంత మంచి పుంజును ఎన్నుకున్నా తెగులు ఒక్క వారంలో పెరడు ఖాళీ చేస్తుంది.

మన నడత

పుంజును కోపిష్టిగా చేసేది చాలాసార్లు మనమే. పిల్లలు కర్రతో బెదిరించి, తరిమి, అది ఎగిరితే కేరింతలు కొడతారు. పెద్దలు కాలితో తంతారు. తన్నడమంటే పుంజు భాషలో యుద్ధానికి పిలవడమే. పరుగెత్తితే తానే గెలిచానని దాని నమ్మకం.

పుంజు ఒక రెక్క నేలకు వాల్చి పక్కగా అడుగులు వేస్తూ మన చుట్టూ తిరిగినా, మెడ ఈకలు నిక్కబొడుచుకున్నా అది హెచ్చరిక. అప్పుడు పరుగెత్తవద్దు, కొట్టవద్దు. నిలకడగా మన దారిన మనం నడవాలి. అదే పక్కకు తప్పుకునేలా చేయాలి. ఇంకా మీదికి వస్తే బుట్టో చేటో అడ్డం పెట్టి, మెల్లగా పట్టి చంకన పెట్టుకుని అది నెమ్మదించే దాకా ఉంచి వదలాలి. లేత పుంజులు కొన్ని దీనితో మారతాయి. అయితే ఐదేళ్ళలోపు పిల్లలను ఏ పుంజు దగ్గరా ఒంటరిగా వదలకూడదు. కాలి ముల్లు గీరుకుంటే సబ్బుతో బాగా కడిగి, ధనుర్వాతం సూది సంగతి వైద్యుని అడగండి.

ఏ పుంజును ఉంచాలి?

రెండు మూడు పెట్టల పిల్లలలో నుండి ఏడెనిమిది పుంజుపిల్లలను కనిపెట్టి చూడండి. కాలికి రంగు దారం కడితే గుర్తు తప్పదు. కాలు లావెక్కే కొద్దీ దారం వదులు చేయాలి. నాలుగైదు నెలలకు కూత పట్టే వేళ అసలు బుద్ధి బయటపడడం మొదలవుతుంది. మనుషుల మీదికి వచ్చేవాటిని, పెట్టల వీపు ఈకలు ఊడేలా వేధించేవాటిని అప్పుడే తీసివేయండి. వాటికి తగిన చోటు పొయ్యి మీదే. మిగిలిన మూడు నాలుగింటిని ఏడాది నిండే వరకు చూడండి. ఆరు నెలలకు సాధువుగా ఉన్నది కూడా ఏడాదికి మారవచ్చు గనుక తొందరపడకూడదు.

మంచి పుంజు గుర్తులు ఇవి: మేత వేస్తే పెట్టలను పిలిచి తాను తరువాత తింటుంది. గద్ద నీడ పడితే కేక వేస్తుంది. మనం నడిచి వస్తే దారి ఇస్తుంది గాని బెదిరి పారిపోదు. రాత్రి గూట్లో నుండి తీస్తే చేతిలో నెమ్మదిస్తుంది. పిరికిదాన్ని సాధువని పొరబడవద్దు. పెట్టలకు కాపలా కాయని పుంజు వలన ఇంటికి మేలు లేదు. రూపం, బరువు, రంగు ఈ గుర్తుల తరువాతే.

పొదగ వేసే ముందు

నాటుకోళ్ళలో ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు చాలు. పాత పుంజును తీసివేసిన వెంటనే గుడ్లు పొదగ వేయకూడదు. దాని బీజం పెట్ట కడుపులో రెండు మూడు వారాలు నిలుస్తుంది. కొత్త పుంజు వచ్చాక మూడు వారాలు ఆగి, ఆ తరువాతి గుడ్లనే పెట్ట కింద పెట్టండి. మా వీధివారు తెలుసుకోవలసిన ముఖ్యమైన మాట ఇదే.

ఒక పెట్ట కింద పది పన్నెండు గుడ్లు చాలు. ఏడో రాత్రి టార్చిలైటు ముందు పట్టి చూస్తే నరాలు కట్టిన గుడ్డేదో, వట్టి గుడ్డేదో తెలుస్తుంది. 21 రోజులకు పిల్లలు వస్తాయి. హైదరాబాదు కోళ్ళ పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ పెట్టలు నాటు పెట్టకంటే ఎక్కువ గుడ్లు పెడతాయి గాని, పొదగడానికి కూర్చోవు. అందుకు నాటు పెట్ట ఉండాలి.

తండ్రినీ కూతుళ్ళనూ ఏళ్ళ తరబడి కలిపి ఉంచితే పిల్లలు బలహీనమవుతాయి. రెండేళ్ళకొకసారి పుంజును మార్చాలి. ఇక్కడే ఇరుగుపొరుగు సహాయం కావాలి. నాలుగు ఇళ్ళవారు కలిసి ఇదే పద్ధతిలో ఎంచితే ఒకరి పుంజును మరొకరు తీసుకోవచ్చు. మన్యంలో వాటా పద్ధతి ఉంది. ఒకరి పెట్టను మరొకరు పెంచి, పిల్లలను ఇద్దరూ పంచుకుంటారు. డబ్బు చేతులు మారకుండానే మంచి జాతి ఊరంతా వ్యాపిస్తుంది.

సంక్రాంతి బేరం

ఈ పనికి అసలు పరీక్ష పుష్యమాసంలో వస్తుంది. పొగరుబోతు పుంజు మీ పెరట్లో ఉందని తెలిస్తే పందెగాళ్ళు వెతుక్కుంటూ వస్తారు. కూరకు అమ్మితే వచ్చే ధరకు ఎన్నో రెట్లు ఇస్తామంటారు. పిల్లల ఫీజు కట్టవలసిన ఇంటికి ఆ మాట చిన్నది కాదు. ఆ ధర చూసిన ఇల్లు మరుసటి ఏడు కూడా అలాంటి పుంజునే పెంచాలనుకుంటుంది. ఇంట్లో పాప కన్ను సంగతి అప్పుడు ఎవరికీ గుర్తుండదు.

జంతువుల మధ్య పోట్లాటలు పెట్టడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. పందెం కాయడం 1974 నాటి మన రాష్ట్ర జూద చట్టం కిందికి వస్తుంది. 2016 డిసెంబరులో హైదరాబాదులోని హైకోర్టు కోడిపందేలను ఆపాలని గట్టిగా ఆజ్ఞాపించింది. 2021 ఫిబ్రవరిలో తెలంగాణలోని జగిత్యాల జిల్లాలో పందేనికి కత్తి కట్టిన పుంజు ఎగరగా, ఆ కత్తి దిగి ఒక మనిషి ప్రాణం పోయింది. పుంజును పోలీసు ఠాణాలో ఉంచారని అందరూ నవ్వుకున్నారు. కాని కత్తి కట్టింది పుంజు కాదు.

సామెతల గ్రంథం 12వ అధ్యాయం 10వ వచనం మన చదువరులకు తెలిసినదే. పందెగాడికి పుంజును అమ్మే ముందు దాన్ని ఒకసారి తెరచి చూడమని మనవి. అమ్మకుండా వదులుకున్న ఆ సొమ్ము నష్టమే, కాదనము. మంచి గుణమున్న పుంజుకు, దాని పిల్లలకు ఊళ్ళో పేరు వస్తే, చిన్నపిల్లలున్న ఇళ్ళవారు అడిగి మరీ తీసుకువెళ్తారు. ఆ రాబడి ఒక్క సంక్రాంతితో ఆగిపోదు.

ఎండలు తగ్గి చలికాలం మొదలయ్యాక పెట్టలను పొదగ వేస్తారు గదా. ఆ లోగా ఒక వారం రోజులు ఉదయం పూట పెరట్లో కూర్చుని మీ పుంజును గమనించండి. మేతకు ఎవరిని పిలుస్తున్నది, మనిషికి దారి ఇస్తున్నదా, పిల్లలు దగ్గరకు వస్తే ఏం చేస్తున్నది? వచ్చే ఏడు మీ పెరట్లో తిరిగే పిల్లలన్నిటికీ తండ్రి కాదగిన పుంజు అదేనా అని ఇంటిల్లిపాదీ మాట్లాడుకుని నిర్ణయించండి. గుడ్లు పెట్ట కింద పెట్టేది ఆ తరువాతే.