హాజరుపట్టీలో ఇద్దరు సత్యనారాయణలు

అన్నవరం చుట్టుపక్కల సత్యదేవుడి పేరు వినిపించని ఇల్లు తక్కువ. మగపిల్లాడైతే వీర వెంకట సత్యనారాయణ, ఆడపిల్లయితే సత్యవతి, అనంతలక్ష్మి. అంత పొడుగు పేరూ కాగితం మీదికొచ్చేసరికి వి.వి. సత్యనారాయణ అవుతుంది, కాదంటే వి.వి.ఎస్.ఎన్. మూర్తి అవుతుంది. రత్నగిరి మీద 1891లో స్వామి వెలసిన నాటి నుంచీ ఇదే వరస. కాబట్టి ఇక్కడి కాలేజీలో వందమంది ఎన్ఎస్ఎస్ వాలంటీర్ల జాబితా రాస్తే, అందులో ఒకే పేరుతో ఇద్దరు ముగ్గురు తేలడంలో వింతేమీ లేదు. కార్తికమాసం రద్దీలో ఎండన నిలబడి మంచినీళ్లు అందించిన గంటలు ఒక సత్యనారాయణవి, సర్టిఫికెట్ ఇంకో సత్యనారాయణకి వెళ్లిందనుకోండి. ఆ పిల్లాడికి జరిగింది చిన్న అన్యాయం కాదు.

అలా జరగకుండా చూసే యంత్రమే సభ్యుల నిర్వహణ వ్యవస్థ. పట్టికలతో, నియమాలతో కట్టిందే అయినా దీన్ని నేను యంత్రమనే అంటాను. దీని జాతకం రాయాలంటే 1969తో మొదలుపెట్టాలి.

ఆ ఏడాది ఆగస్టులో, కాలిఫోర్నియాలోని ఐబీఎం శాన్ హోసే ప్రయోగశాలలో ఎడ్గార్ కాడ్ అనే గణితజ్ఞుడు సంస్థ లోపలివాళ్ల కోసం ఒక నివేదిక రాశాడు. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళంలో విమానాలు నడిపిన మనిషి ఆయన. సెప్టెంబర్ 24న మన దేశంలో, గాంధీ శతజయంతి సందర్భంగా, అప్పటి కేంద్ర విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావు 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేలమంది విద్యార్థులతో జాతీయ సేవా పథకాన్ని, అంటే ఎన్ఎస్ఎస్‌ను, ప్రారంభించారు. అదే ఏడాది నెదర్లాండ్స్‌లో యాకోబస్ వెర్‌హూఫ్ అనే గణితజ్ఞుడు, అంకెలు రాయడంలో మనుషులు చేసే పొరపాట్లను పట్టుకునే కొత్త పద్ధతి ప్రకటించాడు. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా సాగిన ఈ మూడు పనులూ ఇవాళ వాలంటీర్ల పట్టికలో ఒకచోట చేరాయి.

కాడ్ నివేదిక మెరుగుపడి 1970 జూన్‌లో అచ్చయింది. అంతకుముందు కంప్యూటర్‌లో సమాచారం చెట్టుకొమ్మల్లా ఒకదానికొకటి వేలాడుతూ ఉండేది. ఏ కొమ్మ పట్టుకుని ఎటు వెళ్లాలో ప్రోగ్రామ్ రాసేవాడికి ముందే తెలియాలి. అమరిక మారిస్తే ప్రోగ్రామ్ కూడా తిరగరాయాలి. కాడ్ ఏమన్నాడంటే, సంగతులన్నీ విడివిడి పట్టికల్లో పెట్టండి, ప్రతి వరసకూ మరో వరసకు లేని గుర్తు ఒకటి ఇవ్వండి, ఏం కావాలో అడగండి, దారి యంత్రమే వెతుక్కుంటుంది. అపోలో చంద్రయాత్ర పనుల కోసం పుట్టిన, చెట్టుకొమ్మల పద్ధతిలోని తన సొంత వ్యవస్థ ఐఎంఎస్ అప్పటికే అమ్ముడవుతుండటంతో ఐబీఎం ఈ మాటను అమ్మకం సరుకుగా మార్చడానికి తొందరపడలేదు. బర్కిలీ విశ్వవిద్యాలయంలో మైకేల్ స్టోన్‌బ్రేకర్, యూజీన్ వాంగ్ ఈ దారిలో ఇంగ్రెస్ అనే వ్యవస్థను కట్టించారు. కోడ్‌లో చాలా భాగం రాసింది విద్యార్థులే. చదువైపోయినవాళ్లు వెళ్లిపోతుంటే కొత్తవాళ్లు వచ్చి అందుకునేవారు. దాని వారసత్వంలో వచ్చిన పోస్ట్‌గ్రెస్ ఇప్పుడు ఉచితం. కాకినాడ హాస్టల్ గదిలో పాత ల్యాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది. విద్యార్థుల చేతుల మీదుగా పెరిగిన సాధనం మళ్లీ విద్యార్థులకే అందడం నాకు ఎంతో సంతోషం కలిగించే విషయం.

ఇక పనిలోకి దిగుదాం. అందరూ మొదట ఒక ఎక్సెల్ షీటు తెరుస్తారు. పేరు, ఇంటిపేరు, ఫోను, బ్లడ్ గ్రూపు, హాజరైన కార్యక్రమం. ఆ పిల్లాడే రెండో కార్యక్రమానికి వచ్చినప్పుడు చిక్కు మొదలవుతుంది. కింద మళ్లీ పేరు రాస్తారు. ఇంగ్లిషులో ఈసారి ‘సత్య’లో ఒక హెచ్ ఎక్కువ పడుతుంది. ఒక మనిషి ఇద్దరైపోతాడు. దీనికి విరుగుడు మూడు పట్టికలు. మొదటిదాంట్లో మనిషి ఒక్కసారే ఉంటాడు. రెండోదాంట్లో ఏ ఏడాది సభ్యుడు, ఏ బాధ్యతలో ఉన్నాడు. మూడోదాంట్లో ఏ తేదీన, ఎక్కడ, ఎన్ని గంటలు సేవ చేశాడు. ఎన్ఎస్ఎస్ అడిగేవి ఏడాదికి 120 గంటలు, రెండేళ్లకు 240. మూడో పట్టికను కూడితే ఎవరికెన్ని తగ్గాయో క్షణంలో తేలుతుంది. ఏడురోజుల ప్రత్యేక శిబిరాన్ని విడిగా గుర్తించాలి.

ఈ మూడింటినీ కలిపే గుర్తు ఏది? పేరు పనికిరాదని చూశాం. ఇంటిపేరు పెళ్లితో మారిపోవచ్చు. ఫోను నంబరంటే, అక్కాతమ్ముళ్లిద్దరూ నాన్న నంబరే ఇస్తారు. రోల్ నంబరు ఇంటర్ నుంచి డిగ్రీకి వెళ్లగానే పోతుంది. ఆధార్ అడిగితే సరిపోతుందనేవాళ్లున్నారు. నేను గట్టిగా వద్దంటాను. విద్యార్థి సంఘానికి జనం ఆధార్ నంబర్లు దాచిపెట్టుకునే అవసరం ఏముంది? కాబట్టి సంఘమే సొంతంగా, ఏ అర్థమూ లేని నంబరు ఇవ్వాలి. చేరినప్పుడు ఇచ్చిన ఆ నంబరు వెళ్లిపోయాక కూడా మరొకరికి ఇవ్వకూడదు.

ఆ నంబరు చివర ఒక కాపలా అంకె పెట్టాలి. ఐబీఎంలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ 1954లో పేటెంటుకు దరఖాస్తు చేసిన ఉపాయమిది. నంబరు 1036 అనుకుందాం. కుడి చివర నుంచి ఒకటి విడిచి ఒకటి రెట్టింపు చేయాలి. రెట్టిస్తే రెండంకెలు వస్తే ఆ రెండూ కూడాలి. 6 రెట్టిస్తే 12, అంటే 3. పక్కనున్న 3 అలాగే ఉంటుంది. 0 రెట్టించినా 0. మిగిలింది 1. మొత్తం 7. పది కావాలంటే ఇంకా 3 కావాలి, అదే చివర చేరుతుంది: 10363. హడావిడిలో ఎవరైనా 10633 అని కొడితే మొత్తం 13 వస్తుంది, తర్వాతి పది అయిన 20 కావాలంటే చివర 7 ఉండాల్సింది, 3 ఉంది. కంప్యూటర్ అక్కడే ఆపేస్తుంది. లూన్ పద్ధతికి చిక్కని తారుమారు ఒకటుంది, 09ని 90 అని రాయడం. వెర్‌హూఫ్ 1969లో మూసింది ఆ కంతనే. పక్కపక్క అంకెల తారుమారు ఏదైనా ఆయన పద్ధతి పట్టేస్తుంది. ఆధార్ చివరి అంకె ఆ లెక్కతో వచ్చిందే.

పాత షీట్లలో ఇప్పటికే రెండుసార్లు ఎక్కినవాళ్లను ఏరడానికి ఇంకా పాత ఉపాయముంది. అమెరికాలో రాబర్ట్ రస్సెల్ 1918లో పేటెంటు పొందిన సౌండెక్స్. మొదటి అక్షరం ఉంచి, అచ్చులూ హెచ్‌లూ తీసేసి, దగ్గరి ధ్వనులకు ఒకే అంకె ఇస్తుంది. ‘లక్ష్మి’ని ఎక్స్‌తో రాసినా, కె-ఎస్-హెచ్‌లతో రాసినా రెండింటికీ ఒకే కోడ్ వస్తుంది. ఆ జంటలను మనిషి చూసి నిర్ధారించాలి. నిజంగానే ఇద్దరు లక్ష్ములు ఉండొచ్చు, అందుకని కలిపే పని యంత్రానికి వదలకూడదు.

వయసు అనే గడి పెట్టకండి, వచ్చే ఏడాదికి తప్పవుతుంది, పుట్టినతేదీ ఉంచండి. ‘రక్తం ఇవ్వొచ్చా’ అనే గడి కూడా అంతే. చివరిసారి ఇచ్చిన తేదీ ఉంటే చాలు. 18 నిండాయా, మగవాళ్లకు 90 రోజులు, ఆడవాళ్లకు 120 రోజులు గడిచాయా అన్నది కంప్యూటరే లెక్కకడుతుంది. మిగతా అర్హతలు డాక్టరు చూస్తారు.

విద్యార్థి సంఘాలకు నాయకులు ఏడాదికోసారి మారతారు. పట్టిక మొత్తం వెళ్లిపోయిన సీనియర్ సొంత మెయిల్‌లో ఉండిపోయిన సంఘాలు తక్కువేం కాదు. 1992లో అమెరికా ప్రమాణాల సంస్థలో ఫెరాయోలో, కూన్ దీనికి పనికొచ్చే దారి చూపారు. హక్కులు మనిషికి కాక పదవికి ఇవ్వాలి. కార్యదర్శి మారిన రోజు రెండో పట్టికలో ఒక వరస మారుతుంది, తాళాలు వాటంతటవే చేతులు మారతాయి. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఇంకో మాట చెప్పింది. 18 నిండని పిల్లల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. ఇంటర్ పిల్లలందరూ దాదాపు ఈ లెక్కలోకే వస్తారు. చదువు ముగించి వెళ్లినవాళ్ల సేవాగంటలు ఉంచి, ఫోను, చిరునామా చెరిపేయడం పద్ధతి.

గోదావరి పుష్కరాలు 2015లో వచ్చాయి, మళ్లీ 2027లో వస్తాయి. అప్పుడు వ్యవస్థను అడగాల్సిన ప్రశ్న ఇలా ఉంటుంది: కోటిలింగాల రేవులో పొద్దుటి షిఫ్టుకు 18 నిండినవాళ్లలో ఈత, ప్రథమచికిత్స, ఒడియా వచ్చినవాళ్లు ఎవరు? దీనికి నాలుగో పట్టిక కావాలి, ఒక్కో నైపుణ్యానికి ఒక్కో వరసతో. అంత జనంలో రేవు దగ్గర ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోలేం. హాజరు కాగితం మీదే వేసుకోవాలి, పేరు పక్కన ఐదంకెల నంబరుతో సహా. సాయంత్రం గదికొచ్చి వాటిని కంప్యూటర్‌లో ఎక్కిస్తారు. అలసిపోయిన పిల్లలు 10363ని 10633 అని కొట్టేది అప్పుడే.