మాటలోనే ఉన్న వాదము: 'కాని' అను పదముపై ఒక పరిశీలన

వాదము అనగానే మనకు తర్కశాస్త్రము జ్ఞాపకము వచ్చును. 1958లో స్టీఫెన్ టూల్మిన్, ఆధారము నుండి నిర్ణయమునకు మనలను దాటించు సూత్రమేది అని ప్రశ్నించెను. అయితే ఫ్రాన్సు దేశపు భాషావేత్తలైన ఆన్స్కోంబ్ర్, డుక్రో 1983లో 'భాషలో వాదము' అను అర్థమిచ్చు పేరుతో ఒక గ్రంథమును ప్రచురించి, వాదము పదముల అర్థములోనే ఇమిడియున్నదని వివరించిరి. వారి ప్రకారము, మాట సమాచారమును అందించుటతో ఆగక వినువానిని ఒక నిర్ణయము వైపు నడిపించును.

తెలుగులోనే చూద్దాము. "సంఘములో ఐక్యత కొంచెము ఉన్నది" అనినయెడల వినువాడు ఆశపడును. "కొంచెమే ఉన్నది" అనినయెడల నిరాశపడును. ఐక్యత రెండింటిలోను అంతే; ఒక్క ఏకారము దిశను మార్చినది. ఫ్రెంచి భాషలో ఇటువంటి జంట పదములను డుక్రో పరిశీలించెను.

'కాని' అను పదము మరింత గమనింపదగినది. దానికి ముందున్న మాట ఒక నిర్ణయము వైపు, తరువాతి మాట దానికి వ్యతిరేకమైన నిర్ణయము వైపు నడిపించును. వక్త రెండవదానినే బలపరచును. కోశాధికారి ఎన్నికలో ఒకరు, "ఆయన బీదవాడు, కాని నమ్మకస్తుడు" అన్నారనుకొందము. ఇది పొగడ్తే. అయినను బీదవారిని నమ్మలేమను భావము అందులో దాగియున్నది. ఎవరును దానిని పైకి చెప్పలేదు గనుక ఎవరును ఖండింపరు. ఆ బీద సహోదరునికి మాత్రము అది వినబడును. అందరికి తెలిసినదే అన్నట్లు మాటల వెనుక నిలుచు ఇట్టి భావమును ఈ పండితులు అరిస్టాటిల్ వాడిన 'తోపోస్' అను పదముతో పిలిచిరి.

వాక్య పరిశీలనకును ఇది ఉపయోగపడును. 2 కొరింథీయులకు 4:8-9లో గ్రీకు 'అల్లా' (కాని) నాలుగుమార్లు వచ్చును. మన తెలుగు బైబిలు ఆ మలుపును 'నను' అను ప్రత్యయముతో చూపినది. శ్రమలు నిజమే, అయినను వాక్యము యొక్క బరువు వాటి తరువాతి మాటపైనే ఉన్నది. శ్రమల జాబితా యొద్దనే ఆగు ప్రసంగము అపొస్తలుని వాదమును తలక్రిందులు చేయును.

అయితే మాట ఎటు నడిపించుచున్నదో ఈ సిద్ధాంతము చూపునే గాని ఆ దారి సత్యమైనదో కాదో తేల్చదు. అందుకు టూల్మిన్ ప్రశ్న ఇంకను అవసరమే. కాబట్టి ప్రసంగము సిద్ధపరచునప్పుడు మన ప్రతి 'కాని' యొద్ద ఆగి రెండు ప్రశ్నలు వేసికొందము: ఇది వినువారిని ఎటు నడిపించుచున్నది? చెప్పకుండనే దేనిని ఒప్పించుచున్నది?