వృద్ధాశ్రమమును పరీక్షించుట యెట్లు?

పెద్దలను ఇంటనే యుంచుకొని సేవింపవలెనా, ఆశ్రమమునకు పంపవచ్చునా యను చర్చకు మేమిప్పుడు దిగబోము. ఆ చర్చ సాగుచుండగనే మన పట్టణములలో వృద్ధాశ్రమములు వెలసినవి. కుమారు లొకచోట, కుమార్తె లొకచోట, కొందరు సముద్రముల కావల. మంచమున బడిన అత్తగారిని లేవనెత్తుటకు ఇంట నున్నది తానును నడుము నొప్పిచే బాధపడు కోడలొక్కతె. అట్టి యిల్లాలు ఆశ్రమముకొరకు వెదకినచో ఆమెను నిందించుట మా యుద్దేశము కాదు. ఏమి చూచి యెన్నుకొనవలెనో ఆమెకు చెప్పువారు లేకపోవుటయే మా విచారము.

ఇట్టి గృహములు మన దేశమునకు క్రొత్తవి కావు. ఫ్రాన్సు దేశమున పుట్టిన ఒక క్రైస్తవ సన్న్యాసినీ సంఘమువారు 1882లోనే కలకత్తాకు వచ్చి నిరుపేద వృద్ధులను చేరదీసిరి. నేడు ధర్మసంస్థలే గాక, నెల కింత యని సొమ్ము పుచ్చుకొని నడుపువారును కలరు. 2011 జనాభా లెక్కలనాటికే అరువదేండ్లు నిండినవారు మన దేశమున పది కోట్లకు మించిరి గావున ఈ వృత్తి యింకను పెరుగునే గాని తరుగదు.

భవనమును జూచి మోసపోవుట సులభము. నున్నని నేల, పూలతోట, భజనమందిరము, గోడపై దాతల చిత్రపటములు, వీనిని నిర్వాహకులు ముందుగా చూపుదురు. నడువగలవారికి అవి యానందము గొలుపునవే. కాని ఆశ్రమము యొక్క అసలు గుణము మంచము పట్టినవారి గదిలో, అందునను రాత్రివేళ తెలియును. పగలు పదిమంది పనివారున్నచోట రాత్రి యెందరుందురు? ముప్పదిమందికి ఒక్క ఆయా యున్నచో, ఆమె యెంత దయగలదైనను ఏమి చేయగలదు? మొట్టమొదట నడుగవలసిన ప్రశ్న యిదియే.

కదలలేని వారిని సుమారు రెండు గంటల కొకమారు ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టుట శుశ్రూషలో వాడుక. ఒకే తీరున పడియున్నచో శరీరపు బరువుచే అచ్చటి రక్తప్రసారము తగ్గి, తుంటియొద్దను, వెన్నెముక చివరను, మడమలయందును చర్మము ఎఱ్ఱబడును. వ్రేలితో నొక్కినను ఆ యెఱ్ఱదనము పోనిచో పుండు ప్రారంభమైనదని గ్రహింపవలెను. చామనచాయవారికి ఎఱుపు స్పష్టముగా కనబడదు. అచ్చోట వేడియో, గట్టిదనమో, నొప్పియో యున్నదేమో చూడవలెను. ఉపేక్షించినచో ఆ పుండు ఎముకవరకు పోవును. కావున చూడబోయినప్పుడు కుశలమడిగి, పండ్లిచ్చి వచ్చుటతో సరిపెట్టక, దుప్పటి తొలగించి మడమలు చూడుడు. నిర్వాహకులు నొచ్చుకొందురేమో యని మొగమాటపడ నక్కరలేదు. మంచి ఆశ్రమమువారు తామే చూపుదురు.

పడిపోవుట మఱియొక యాపద. రాత్రి మూత్రమునకు లేచి, చీకటిలో తడినేలపై జారి, తుంటియెముక విరిగినవారిలో కొందరు మరల నడువనే లేరు. దారిలో దీపమున్నదా? మరుగుదొడ్డిలో పట్టుకొనుటకు కమ్మి యున్నదా? పిలుచు గంట మంచమునుండి చేతి కందునా? ఆ గంటను మీరే మ్రోగించి, యెంతసేపటికి వత్తురో గడియారము చూచుకొనుడు. మాటిమాటికి లేవవలసివచ్చునను భయముచేతనే పలువురు ముసలమ్మలు ప్రొద్దు గ్రుంకినది మొదలు నీళ్లు త్రాగుట మానుదురు. దానివలన మలబద్ధము, మూత్రవ్యాధులు, ఒక్కొక్కప్పుడు మతి చెదరుటయు కలుగును. దానిని ముసలితనపు చాదస్తమని త్రోసివేయుట మన యిండ్లలోను కలదు.

పడకుండుటకని మంచమునకో కుర్చీకో కట్టివేయు వాడుక మఱింత ఘోరము. మన తెలుగువారు పెక్కండ్రు స్థిరపడిన అమెరికాలో ఒకప్పు డిది సామాన్యముగా నుండెడిది. కట్లలో చిక్కుకొని ఊపిరాడక మరణించినవారును కలరు. అక్కడ 1986లో వెలువడిన యొక నివేదికను పురస్కరించుకొని 1987లో చట్టము వచ్చినది. శిక్షగా గాని, పనివారి సౌకర్యముకొరకు గాని, వృద్ధులను కట్టరాదు. మందులిచ్చి మత్తులో నుంచరాదు. సాయపడు పనివారికి కనీసము 75 గంటల శిక్షణ యుండవలెను. ముందుగా తెలుపకయే తనిఖీ జరుగవలెను. రెండు తనిఖీల నడుమ 15 నెలలు మించరాదు. ప్రభుత్వధనము పుచ్చుకొను గృహముల కన్నింటికి ఈ నియమములు వర్తించును. అచ్చటను అంతయు చక్కబడినదని మేమనము. ఒక్కొక్కరికి రోజునకు 3.48 గంటల శుశ్రూష అందవలెనని 2024లో చేసిన నియమమును 2025లో ఒక న్యాయస్థానము కొట్టివేసినది. పనివారిని పెంచుమన్న మాట యెచ్చటనైనను డబ్బుతో ముడిపడినదే గదా.

మన దేశమున 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టము చేయబడినది. జిల్లాకొకటియైనను, 150 మంది నిరుపేద వృద్ధులకు చోటుండునట్లు, రాష్ట్రప్రభుత్వములు ఆశ్రమములు నెలకొల్పవచ్చునని అందు కలదు. “వచ్చును” అన్నారే గాని “వలెను” అనలేదు. తల్లిదండ్రులను విడిచిపెట్టినవారికి మూడునెలల వరకు చెఱసాల శిక్ష కూడ విధింపవచ్చును. సొమ్ము పుచ్చుకొని నడుపు గృహములకు సయితము నమోదును, కనీస ప్రమాణములను ఏర్పరుపదలచి 2019లో లోక్‌సభ యందొక సవరణ బిల్లు ప్రవేశపెట్టిరి. అది చట్టము కాకమునుపే 2024లో ఆ సభ ముగిసినది. కొడుకును శిక్షించుటకు చట్టమున్నంత స్పష్టముగా ఆశ్రమమును కొలుచుటకు కొలబద్ద లేదన్నమాట.

అందుచేత తనిఖీ భారము కుటుంబముపైననే పడుచున్నది. చేర్చుటకు ముందు రెండుమార్లు పోవలెను, ఒకమారైనను చెప్పకుండ, భోజనవేళకో ప్రొద్దుగ్రుంకిన పిమ్మటనో. అన్నము తినిపించువారు వృద్ధురాలిని కూర్చుండబెట్టి తినిపించుచున్నారా, పరుండియుండగనే నోట గ్రుక్కుచున్నారా చూడుడు. మందులు ఎవరెప్పు డిచ్చిరో వ్రాసిన పుస్తకము నడుగుడు. నిద్రమాత్రలు ఏ వైద్యుడు, ఎందుకు వ్రాసెనో తెలిసికొనుడు. ఒప్పందపత్రములో, జబ్బు ముదిరినచో ఏ యాసుపత్రికి తీసికొనిపోవుదురో, ఖర్చెవరిదో, నడుమ మానుకొన్నచో ముందు కట్టిన సొమ్ము ఎంత తిరిగి వచ్చునో స్పష్టముగా వ్రాయించుకొనవలెను.

విదేశములలో నున్న బిడ్డలు ప్రతి ఆదివారము ఫోనులో అమ్మను చూచి తృప్తిపడుచున్నారు. ఆ తెరపై మడమలు కనబడవు. ఊళ్లోనున్న పిన్నినో, మేనత్తనో, నమ్మకమైన యిరుగుపొరుగమ్మనో నెలకు రెండుమార్లు పోయి చూచిరమ్మని వేడుకొని, ఆమె బండి ఖర్చును తామే భరింపవలెను. అక్రమము కనబడి నిర్వాహకులు లక్ష్యపెట్టనిచో, వృద్ధులకొరకు ప్రభుత్వము 2021లో దేశమంతటికి వ్యాపింపజేసిన 14567 అను ఫోను సంఖ్యకు తెలుపవచ్చును, రుసుము లేదు.