చలికాలపు తెల్లవారుజామున పాల సైకిలు

మన సంఘాల్లో చాలావాటికి ఉదయం పాల సేకరణ వేళ ఏడాది పొడుగునా ఒక్కటే. నోటీసు బోర్డుమీద ఒకసారి 5-30 అని రాస్తే రంగు వెలిసేదాకా అదే ఉంటుంది. సూర్యునికి ఆ బోర్డుతో పని లేదు. చీపురుపల్లి ప్రాంతంలో జూన్ మొదట్లో సుమారు 5-20కి సూర్యోదయమవుతుంది. జనవరిలో 6-25 అయితేగాని కాదు. అంటే అదే 5-30 వేసవిలో పగలు, పుష్యమాసంలో రాత్రి. ఆ గంట చీకటిలో, మంచులో, రెండు క్యానులు కట్టుకుని సైకిలుమీద రోడ్డెక్కే సభ్యుని గురించి కొన్ని విషయాలు మనవి చేయదలచాను.

మోటారు సైకిళ్ళు ఇంటింటికీ వచ్చిన ఈ రోజుల్లో ఇంకా సైకిలు మాటెందుకని కొందరు అడగవచ్చును. సేకరణ కేంద్రం దగ్గర ఒక ఉదయం నిలబడి చూస్తే తెలుస్తుంది. రెండు మూడు గేదెలున్న ఇల్లు, కొడుకులు విశాఖకో హైదరాబాదుకో పనికి వెళ్ళిన ఇల్లు, ఆ ఇంటి పెద్దాయన ఇప్పటికీ సైకిలుమీదనే వస్తున్నాడు. తన పాలతోపాటు దారిలోని నాలుగిళ్ళ పాలూ తెస్తాడు. 1970 నుంచి 1996 వరకు నడిచిన క్షీరవిప్లవ పథకం గురించి మాట్లాడేటప్పుడు మనం పాలపొడి, టాంకర్లు, శీతలీకరణ కేంద్రాలు అంటాము. పల్లెనుంచి రోడ్డుదాకా ఆ పాలను మోసిన సైకిలు పేరు ఎవరూ ఎత్తరు.

ముందుగా చలి మాట. మన మైదానంలో ధనుర్మాసపు తెల్లవారుజామున 15 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది. మన్యంలో లంబసింగి వంటి ఎత్తైన చోట్ల కొన్ని సంవత్సరాల్లో సున్నా దగ్గరకు పోతుంది. ఫిన్లాండు దేశంలో ఊలు అనే పట్టణముంది. అక్కడ సున్నాకు పది, ఇరవై డిగ్రీల దిగువన కూడా పిల్లలు సైకిలుమీద బడికి పోతారు. చలికాలంలో సైకిలు తొక్కడం గురించిన అంతర్జాతీయ సభ మొట్టమొదట 2013లో అక్కడే జరిగింది. వారి బట్టల గొప్ప ఇందులో కొంతే. సైకిలు దారులు పెద్ద రోడ్డుకు వేరుగా ఉండడం, వాటికి దీపాలుండడం, వాటిమీద పడిన మంచును పురపాలకంవారు వెంట వెంటనే తీయించడం అసలు కారణం. దీన్నిబట్టి మనకు తెలిసేదేమంటే, ఆరోగ్యంగా ఉన్న మనిషికి మన 15 డిగ్రీల చలి అంత శత్రువు కాదు. చీకటి, పొగమంచు, తడిసిన బ్రేకు, వెనుకనుంచి వచ్చే లారీ, వీటితోనే అసలు ప్రమాదం.

అయితే చలి పూర్తిగా నిర్దోషి అని కాదు. సైకిలు కదిలితే గాలి లేని రోజున కూడా ఒంటికి గాలి తగులుతుంది. ముందుగా కొయ్యబారేది హ్యాండిలు పట్టుకున్న వేళ్ళు. ఇనుప బ్రేకు కడ్డీ చల్లగా ఉంటుంది, మంచుకు తడిగా కూడా ఉంటుంది. తిమ్మిరెక్కిన వేళ్ళు బ్రేకును ఎంత గట్టిగా నొక్కుతున్నదీ మనిషికి తెలియదు. చేతికి ఉన్ని తొడుగు లేకపోతే పాత మేజోళ్ళైనా తొడుక్కోవచ్చును, కాని వేళ్ళు విడివిడిగా కదిలేలా చివర కత్తిరించుకోవాలి. బయలుదేరేముందు బీడీ కాల్చి వేడెక్కామనుకుంటారు. పొగాకు వేళ్ళలోని సన్నని రక్తనాళాలను మరింత బిగిస్తుంది, చేతులు ఇంకా చల్లబడతాయి. సారా వేడి కూడా ఇటువంటిదే. చర్మం వెచ్చగా తోస్తుంది, ఒంటిలోని వేడి బయటకు పోతుంది. వేడి గంజిగాని టీగాని పుచ్చుకోవడం మేలు.

మఫ్లరు, మంకీ టోపీ చెవులను పూర్తిగా మూసేలా కట్టవద్దు. వెనుక బండి చప్పుడు వినిపించాలి. దుప్పటి కప్పుకుని సైకిలెక్కడం మరీ ప్రమాదం. దాని కొన గొలుసులోకో వెనుక చక్రంలోకో పోవడానికి ఎంతోసేపు పట్టదు. చొక్కా లోపల గుండెలమీద పాత వార్తాపత్రిక మడిచి పెట్టుకుంటే గాలి ఆగుతుంది. కొండలు దిగేటప్పుడు విదేశాల్లో పందెపు సైకిలువారు కూడా చేసిన పని ఇది, ఖర్చు లేనిది. యాభై దాటినవారు, రక్తపోటుగాని గుండె జబ్బుగాని ఉన్నవారు చలిలో ఒక్కసారిగా బరువు తొక్కకూడదు. చలికి రక్తనాళాలు ముడుచుకుని గుండెకు శ్రమ పెరుగుతుంది. ఊరు దాటేదాకా సైకిలు నడిపించుకుని పోయి, ఒళ్ళు వెచ్చబడ్డాక ఎక్కడం మంచిది. ఛాతీలో పట్టేసినట్లున్నా, ఎడమ చేయి లాగినా దిగిపోయి సాయం పిలవాలి. ఆ పూట పాలు పోతే పోతాయి.

ఇక పొగమంచు. ఆకాశం తేటగా ఉండి గాలి కదలని రాత్రి నేల తన వేడిని విడిచి చల్లబడుతుంది. నేలను ఆనుకున్న గాలిలోని తేమ సన్నని నీటి తుంపరగా మారి నిలిచిపోతుంది. వరి కోసిన మళ్ళు ఇంకా తడారక, చెరువులు నిండుగా ఉండే మన ప్రాంతంలో దానికి కావలసిన తేమకు కొదవ లేదు. చల్లని గాలి బరువైనది గనుక పల్లానికి జారుతుంది. అందుచేతనే మిట్టమీద చుక్కలు కనిపిస్తుంటే, గెడ్డ దగ్గరకు దిగేసరికి ముందు చక్రమే కనిపించదు. కిలోమీటరు లోపే చూపు ఆనితే వాతావరణ శాఖవారు దానిని పొగమంచు అంటారు. మన గెడ్డల దగ్గర పది మీటర్లు కనిపిస్తే గొప్ప. పైగా సూర్యుడు రాగానే అది విడిపోదు. చాలా రోజుల్లో సూర్యోదయపు వేళకే మరింత చిక్కబడుతుంది. ఈ సంగతి తెలిసిన కొందరు మంచు పడకముందే పోదామని 4-30కే బయలుదేరుతున్నారు. వారు మంచునుంచి కొంత తప్పించుకుంటారు, చీకటినుంచి కాదు. రాత్రంతా బండి నడిపిన లారీ డ్రైవరుకు కన్ను మూతపడే వేళ కూడా అదే.

బరువు లెక్క ఒకసారి చూడండి. లీటరు పాలు కిలోకన్న కొంచెం ఎక్కువే తూగుతాయి. 20 లీటర్ల క్యానులు రెండు కట్టితే క్యానుల బరువుతో కలిపి 50 కిలోల దగ్గర. సైకిలు 20 కిలోలు, మనిషి 55 కిలోలు. మొత్తం 125 కిలోలు పల్లంలో గంటకు 20 కిలోమీటర్ల వేగంతో దిగుతున్నాయనుకుందాం. అంటే సెకనుకు ఐదున్నర మీటర్లు. ముందున్నది చూసి బ్రేకు నొక్కడానికే ఒక సెకను పోతుంది. ఎండు రిమ్ము అయితే ఆ తరువాత ఆరేడు మీటర్లలో ఆగే బండి, మంచుకు తడిసిన రిమ్ముమీద దానికి రెట్టింపు దూరం పోయినా ఆశ్చర్యం లేదు. మెరిసే ఇనుప రిమ్ముమీద నీటిపొర ఉన్నంతసేపు రబ్బరు జారుతుంది. చక్రం మొదటి చుట్లన్నీ ఆ తడి తుడవడానికే సరిపోతాయి. కనిపించేది పది మీటర్లయినప్పుడు ఈ లెక్క ఎక్కడ తేలుతుందో వేరే చెప్పనక్కరలేదు.

అందుచేత పల్లం మొదలు కాకముందే రెండు బ్రేకులూ తేలికగా కొంతదూరం పట్టి రిమ్ము తుడుచుకోవాలి. చిక్కని మంచులో గెడ్డ కల్వర్టుమీద, చెరువు గట్టుమీద దిగి నడవాలి. అరిగిన బ్రేకు రబ్బర్లు నెలగంట పెట్టేలోగా మార్పించుకోవాలి. రెండు వైపులా క్యానులు సమాన బరువుతో, వీలైనంత కిందుగా ఉండాలి. ఒకవైపు 20, ఇంకోవైపు 8 లీటర్లు కట్టుకుని, ఒంటిని ఒక పక్కకు వంచి తొక్కే ఆసామీలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. ఎండు రోడ్డుమీద అది విద్య, తడి రోడ్డుమీద కాదు.

రోడ్డు సంగతి చెప్పుకోవాలంటే ఈ కాలంలోనే మనవారు దాన్ని కళ్ళం చేస్తారు. ఉలవలు, వరి పనలు తారురోడ్డుమీద పరిచి బండ్ల చక్రాలతో నూర్పిస్తారు. రాత్రి మంచు పడిన ఆ గడ్డిమీద సైకిలు చక్రం సబ్బుమీద కాలు వేసినట్లు జారుతుంది. గడ్డి పరకలు గొలుసుకు, ఇరుసుకు చుట్టుకుంటాయి. ఆ పంట కూడా సాధారణంగా మన సంఘ సభ్యునిదే కావడం వల్ల ఎవరూ నోరెత్తరు. సాయంత్రం గడ్డి ఎత్తి పక్కకు చేర్చమని చెప్పడానికి ఇన్‌స్పెక్టరు అక్కరలేదు, పొరుగువాడు చాలు. చెరకు కాలం కూడా ఇదే. పాలకొండ, రాజాం నుంచి చీపురుపల్లి మీదుగా విజయనగరం పోయే రోడ్డులో, వెనుక దీపం లేని చెరకు ట్రాక్టరు టైరు పంక్చరై పక్కన నిలిచి ఉందంటే, చీకట్లో అది గోడతో సమానం.

మనకు కనబడడం ఎంత ముఖ్యమో, మనం ఇతరులకు కనబడడం అంత ముఖ్యం. సైకిలు వెనుక మడ్‌గార్డుకు కంపెనీవారు ఎర్ర అద్దం బిగిస్తారు. మనం చేసేదేమంటే దానికి రెండు పక్కలా క్యానులు వేలాడదీసి, పైన గోనె కప్పి, పూర్తిగా మూసివేస్తాము. నల్ల కంబళి కప్పుకున్న మనిషి, మసిబారిన క్యాను, గోనె, అన్నీ కలిసి చీకట్లో చీకటే. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ సెకనుకు 14 మీటర్లు పోతుంది. 30 మీటర్లలో చూస్తే డ్రైవరుకు దొరికేది రెండు సెకన్లు. కనుక ఎర్ర రేడియం స్టిక్కరు ముక్కలు క్యానులకే వెనుకవైపు అతికించాలి. పేరుకు రేడియం అంటాముగాని అందులో ఆ లోహం లేదు. సన్నని గాజు పూసలో, మూలలు తీర్చిన చిన్న పలకలో తమమీద పడిన వెలుగును వచ్చిన వైపుకే తిప్పి పంపుతాయి. పెడళ్ళకు పసుపు ముక్కలు వేస్తే ఇంకా మేలు. అవి పైకీ కిందికీ కదులుతుంటే ముందున్నది సైకిలని డ్రైవరు పోల్చుకుంటాడు. మంచుకు స్టిక్కరు మెరుపు కొంత తగ్గుతుంది గనుక బ్యాటరీతో మినుకుమినుకుమనే ఎర్రదీపం ఒకటి వెనుక పెట్టుకోవడం అవసరం. డైనమో దీపం చక్రం ఆగితే ఆరిపోతుంది, అంటే రోడ్డుపక్క ఆగినప్పుడు మనం కనిపించము. ముందు దీపాన్ని నేలవైపు వంచాలి. ఎదురుగా ఎత్తి పెడితే వెలుగు మంచుకు తగిలి మన కళ్ళలోనే పడుతుంది.

పాల విషయం కూడా రెండు ముక్కలు. చలికి పాలు విరగవనే ధైర్యంతో కొందరు క్యానుకు ఎండు గోనె బిగించి చుట్టి తెస్తున్నారు. గేదె పొదుగునుంచి వచ్చే పాలు సుమారు 37, 38 డిగ్రీల వేడిమీద ఉంటాయి. 20 లీటర్ల పాలు అంత త్వరగా చల్లారవు. ఎండు గోనె వాటికి దుప్పటి కప్పినట్లే. బయట మనిషి వణుకుతుంటే లోపల సూక్ష్మజీవులు వెచ్చగా పెరుగుతుంటాయి. ఈ కాలంలో క్యానుకు చలిగాలి తగలనివ్వాలి. దారి కుదుపులకు, చలికి మీగడ మూతకూ మెడకూ అంటుకుంటుంది. సంఘంలో నమూనా తీసేవారు ముందుగా దానిని పాలలోకి దించి, అడుగునుంచి బాగా కలిపి తీయాలి. లేనిపక్షంలో వెన్న శాతం తక్కువ వచ్చి, అంత చలిలో వచ్చిన సభ్యునికే నష్టం.

రెండేళ్ళ కిందట పుష్యమాసంలో, నేను తనిఖీకి వెళ్ళే ఒక సంఘంలో అరవై దాటిన సభ్యుడొకాయన, నిలిచి ఉన్న ట్రాక్టరును మంచులో గుద్దుకుని తొడ ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆసుపత్రిలో పలకరించినప్పుడు ఆయన అన్న మాట ఇది: “మంచు ఇడిసేదాకా ఆగుదును బాబూ. ఆరుంపావు దాటితే పాలు తీసుకోరు గదేటి. నావొక్కడివే అయితే ఇంటికాడ కాగబెట్టుకుందును. పదకొండిళ్ళ పాలవి.” ఆయన బ్రేకులు బాగానే ఉన్నాయి. దారి పాతికేళ్ళుగా తెలిసినదే. ఆ పూట ఆయనను తరిమింది బోర్డుమీది అంకె.

కాబట్టి పాలకవర్గాలవారు చేయగలిగింది ఒకటుంది. నెలగంట నాటికి ఉదయం సేకరణ వేళను అరగంటైనా వెనక్కు జరుపుతూ తీర్మానం చేసి, పాల రూటు వాహనం నడిపేవారికి పదిహేను రోజులు ముందుగా తెలియజేయాలి. రూటులోని సంఘాలన్నీ కలిసి అడిగితే బండి వేళ మారుతుంది. ఒక్క సంఘం అడిగితే మారడం కష్టం. బల్క్ కూలరున్న ఊళ్ళో ఈ ఇబ్బందే లేదు, పాలు అక్కడే 4 డిగ్రీలకు చల్లబడతాయి గనుక బండికోసం పరుగెత్తనవసరం లేదు. గేదెలకు పాలు పిండే వేళ ఒక్కసారిగా మార్చవద్దు. మూడు రోజులకు పది నిమిషాల చొప్పున జరుపుకుంటూ, సాయంత్రం వేళ కూడా అదే విధంగా జరిపితే దిగుబడి తగ్గదు. దట్టమైన మంచు పడిన రోజున ఆలస్యంగా వచ్చిన పాలను, పరీక్షలో బాగుంటే, తీసుకునేందుకు కార్యదర్శికి అధికారమిస్తూ అదే తీర్మానంలో ఒక వాక్యం చేర్చాలి.

పెద్దపండుగ కాగానే పాత వేళకు మార్చేయాలని తొందరపడేవారుంటారు. పగలు పెరుగుతుందిగాని ఆ పెరుగుదల మొదట సాయంత్రం వైపే కనిపిస్తుంది. సూర్యోదయం జనవరి నెలాఖరుదాకా ఆలస్యంగానే ఉంటుంది. ఫిబ్రవరి రెండవ వారం వరకు కొత్త వేళనే ఉంచి, ఆ తరువాత బోర్డు మార్చుకోవచ్చును.