కడపటి మందును కాపాడుకొనుట



చేనిలో ఒకే కలుపుమందును ఏటేట చల్లినయెడల, కొన్నేండ్లకు ఆ మందునకు లొంగని కలుపు తలయెత్తుట మీలో కొందఱు చూచియే యుందురు. మందు దానిని పుట్టింపలేదు. లక్షల మొక్కలలో ఎక్కడనో ఒకటి రెండు మొదటనే గట్టివై యుండినవి. మందు తక్కినవానిని చంపి వీనికి చోటు చేసినది. కంటికి కానరాని సూక్ష్మజీవుల లోకమునను ఇదే జరుగుచున్నది. అయితే కలుపుమొక్కకు లేని నేర్పు ఒకటి సూక్ష్మజీవికి కలదు. ఆ నేర్పు ఎట్టిదో, దానివలన ఆసుపత్రులలోని కడపటి మందులు ఎట్లు అక్కఱకు రాకుండ పోవుచున్నవో, అందుకు మనము చేయదగినదేమో ఈ ప్రసంగమున విన్నవించెదను.

ముందుగా ఒక పొరపాటు అభిప్రాయమును తొలగింపవలసియున్నది. “నా ఒంటికి ఆ మందు అలవాటుపడినది, ఇక పనిచేయదు” అని పలువురు నాతో చెప్పుచుందురు. సూక్ష్మజీవులను చంపు యాంటీబయాటిక్ మందుల విషయమున ఇది సరికాదు. అలవాటుపడునది మన శరీరము కాదు, రోగము కలిగించు క్రిమి. కావున మందు వాడిన వానికే కాక, దానిని జన్మలో ఎన్నడు వాడని పసిబిడ్డకును ఆ క్రిమి సోకినచో మందు పనిచేయక పోవచ్చును.

మన ప్రేగులలో కాపురముండు ఎషరీషియా కోలై అను సూక్ష్మజీవి, తగిన ఆహారము, వెచ్చదనము దొరకినపుడు సుమారు 20 నిమిషముల కొకసారి రెండుగా చీలును. ఆ వేగము సాగినచో 10 గంటలలో ఒక్క జీవి 100 కోట్లకు మించును. చీలిన ప్రతిసారియు తన జన్యువులకు, అనగా వంశగుణములను తెలుపు లిపికి, ఒక ప్రతి తీసికొనును. ఇన్ని ప్రతులలో లేఖకుని చేతితప్పువలె అక్కడక్కడ అక్షరము మాఱుట సహజము. ఆ తప్పులలో పెక్కు వ్యర్థములు. ఎప్పుడో ఒకటి మాత్రము మందును తప్పించుకొను ఉపాయ మగును. చాలీచాలని మోతాదులో మందు వాడినచో క్రిములు చావక దానికి ఎదురు నిలుచుట నేర్చుకొనునని, పెనిసిలిన్ కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పండితుడు 1945లో తన నోబెల్ బహుమాన ప్రసంగముననే హెచ్చరించెను.

అంతమాత్రమే యైనచో ఆ ఉపాయము తల్లినుండి బిడ్డకు మాత్రమే సంక్రమించును. కాని 1946లో అమెరికాలో లెడర్‌బర్గ్, టాటమ్ అను శాస్త్రజ్ఞులు, సూక్ష్మజీవులు ఒకదానితో నొకటి కూడి జన్యువులను ఇచ్చిపుచ్చుకొనునని కనుగొనిరి. పెక్కు సూక్ష్మజీవులలో ముఖ్యమైన వంశలిపికి వేఱుగా, చిన్న కడియమువలె చుట్టుకొనిన లిపి ఖండములు ఉండును. వీనికి ప్లాస్మిడ్‌లని పేరు. రెండు జీవులు తాకినపుడు వాని నడుమ సన్నని దారి యేర్పడి, ప్లాస్మిడ్ ప్రతి యొకటి దానిగుండ అవతలి జీవిని చేరును. తాటియాకు గ్రంథమును పొరుగువానికి ప్రతి వ్రాసి యిచ్చినట్లు, ఇచ్చినవానికి నష్టము లేదు, పుచ్చుకొన్నవాడు మఱియొకరికి ఈయవచ్చును. ఇంకను వింత యేమనగా, ఇచ్చునది పుచ్చుకొనునది ఒకే జాతివి కానక్కఱలేదు. జపాను దేశములో రక్తగ్రహణి కలిగించు షిగెల్లా క్రిములు నాలుగు మందులకు ఒక్కుమ్మడిగా లొంగకుండుట చూచి అచటి పండితులు ఆశ్చర్యపడిరి. ఆ నిరోధగుణము ప్రేగులలోని కోలై జీవులకును షిగెల్లాకును నడుమ చేతులు మాఱుచున్నదని 1959లో అకిబా, ఓచియాయి అనువారు నిరూపించిరి.

ఇక కడపటి మందు కథ. 1949లో జపానులో ఒక మట్టి సూక్ష్మజీవినుండి కొలిస్టిన్ అను మందు లభించినది. అది మూత్రపిండములకు హాని చేయుటచేత, మంచి మందులు వచ్చినకొలది వైద్యులు దానిని మూలబెట్టిరి. 1980 తరువాత కార్బపెనెమ్‌లను బలమైన మందులు వచ్చినవి. కాలక్రమమున క్లెబ్సియెల్లా వంటి క్రిములు వానికిని లొంగకుండుటతో, వైద్యులు వేఱు గతిలేక మూలనున్న కొలిస్టిన్‌ను మఱల చేతబట్టిరి. రక్తము విషమించిన రోగికి, నెలలు నిండక పుట్టిన శిశువునకు, తక్కిన మందులన్నియు ఓడిపోయినపుడు వాడదగిన కొలది మందులలో నేడు ఇది యొకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో దీనిని ఆపత్కాలమునకై నిలువయుంచవలసిన మందుల వరుసలో చేర్చినది.

కొలిస్టిన్ పనిచేయు తీరు ఇది. క్రిమి పైపొరమీద ఋణవిద్యుత్తు గల కణములుండును, మందునకు ధనవిద్యుత్తు కలదు. ఆ యాకర్షణచే మందు పొరకు అంటుకొని దానిని ఛిన్నాభిన్నము చేయును. ఆ పొర తీరు మార్చుకొని బ్రదికిన క్రిములు మునుపును ఉండెను గాని, వాని గుణము సంతానమును దాటి పోవుట కానరాలేదు. వైద్యులకు అదియే ధైర్యము.

2015 నవంబరులో ఆ ధైర్యము సడలినది. చైనా పండితులు పందులనుండి తీసిన కోలై జీవులలో ఎం.సి.ఆర్.-1 అను జన్యువును కనుగొనిరి. అది పైపొరకు ఒక చిన్న రసాయనపు ముక్కను తగిలించి ఋణవిద్యుత్తును తగ్గించును, మందు అంటుకొనజాలదు. అది యుండినది ప్లాస్మిడ్ మీద! వారు పరీక్షించిన 804 పశువుల నమూనాలలో 166, పచ్చిమాంసపు నమూనాలు 523లో 78, ఆసుపత్రి రోగుల నమూనాలు 1,322లో 16 ఈ జన్యువు గలవి. అంకెల వరుసయే దారిని సూచించుచున్నది. పశువులలో హెచ్చు, మనుష్యులలో తక్కువ. తరువాత వెదకిన అనేక దేశములలో అది కానవచ్చెను.

ఆసుపత్రి మందు పందికేల చేరినదని మీరు అడుగవచ్చును. ఈ యలవాటు పుట్టిన చోటితో మన తెలుగువారికి సంబంధము కలదు. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనాధ్యక్షులుగా నుండగా, అచట ఆరియోమైసిన్ అను గొప్ప మందు లభించి 1948లో లోకమునకు వెల్లడియైనది. ఆయన ఆ యేటనే కాలధర్మము నొందిరి. తరువాత అదే సంస్థలో స్టోక్‌స్టాడ్, జూక్స్ అనువారు ఆ మందు తీయగా మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు పెట్టిచూడగా అవి త్వరగా బలిసెను. అప్పటినుండి, రోగము లేకున్నను కోళ్లకు, పందులకు దాణాలో కొంచెము కొంచెముగా ఇట్టి మందులు కలుపుట దేశదేశములకు ప్రాకినది. క్రిములకు ఇంతకంటె మంచి బడి లేదు. మోతాదు చంపునంతటిది కాదు, దినదినము తప్పదు, వేలకొలది ప్రాణులు ఒకేచోట నుండును. వాని పెంటతో ఆ క్రిములు పొలమునకు, నీటికి, మాంసము కోయువాని చేతికి, అటనుండి వంటయింటికి చేరును.

అయినను నేను మిమ్ము నిరాశపఱుపను. నిరోధగుణము క్రిమికి ఉచితముగ రాదు. మందు లేనిచోట ప్లాస్మిడ్ మోయుట బరువే, మోయని జీవులు ముందునకు పోవును. చైనా ప్రభుత్వము పశువులు బలియుటకై దాణాలో కొలిస్టిన్ కలుపుటను 2017లో నిషేధించెను. పందులలో కొలిస్టిన్‌కు లొంగని కోలై జీవులు 2015-16లో నూటికి 34 వంతున నుండగా, 2017-18 నాటికి నూటికి 5కు దిగెను. మన కేంద్రప్రభుత్వమును 2019 జూలైలో ఆహారమునకై పెంచు పశువులకు, కోళ్లకు, చేపల రొయ్యల చెఱువులకు, దాణాకు కొలిస్టిన్ అమ్మరాదని శాసించినది. కావున తగ్గించినచో తగ్గును. పూర్తిగా మాయము కాదు, మఱల మందు కుమ్మరించినచో మఱల పెరుగును.

చట్టము ఢిల్లీలో పుట్టినను అమలు కావలసినది గ్రామములోనే. ఇచట మీ మాటకు విలువ కలదు. కోళ్లఫారము గలవాడు దాణా సంచిమీది చీటీ చదువునట్లు చేయుడు. పశువైద్యుని మాటలేక మందు వాడరాదని, మందిచ్చిన గేదె పాలను ఆయన చెప్పిన గడువు తీరకుండ అమ్మరాదని చెప్పుడు. జలుబు, పడిసెము వైరసుల వలన వచ్చును. యాంటీబయాటిక్ మాత్ర వానిని తాకనైన తాకదు. ప్రతి జ్వరమునకు మందుల షాపునకో, ఆర్.ఎం.పి. వద్దకో పోయి అట్టి మాత్ర అడిగి తీసికొనుట మాన్పింపుడు. వైద్యుడు వ్రాసి యిచ్చినపుడు ఆయన చెప్పిన దినములకు తక్కువయు వలదు, ఎక్కువయు వలదు. మిగిలిన మాత్రలు పొరుగింటికి పంచరాదు. అన్నిటికంటె మేలైనది రోగము రాకుండ చూచుకొనుట. శుభ్రమైన నీరు, మఱుగుదొడ్డి, సబ్బుతో చేతులు కడుగుకొనుట, బిడ్డలకు టీకాలు, ఇవి యున్నచో మందు అవసరమే తగ్గును. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల?

కొత్త మందు కనుగొనుటకు ఏండ్లు పట్టును, ఉన్నదానిని పాడుచేయుటకు ఒక దాణా సంచి చాలును. ఊరి చెఱువు గట్టును ఎవరికి వారే త్రవ్వుకొన్నచో ఎవరి పొలమును నిలువదని మీకు తెలియును. ఈ మందులును అట్టి ఉమ్మడి సొత్తే. రేపు మన మనుమనికో, పొరుగింటి బాలెంతకో ప్రాణముమీదికి వచ్చినపుడు ఆ కడపటి మందు పనిచేయునట్లు నిలుపుట మన చేతిలో నున్నదని మనవిచేసి, సెలవు గైకొనుచున్నాను.