తరగతి గదిలో తెర: ఎప్పుడు చదువు చెబుతుంది, ఎప్పుడు చెప్పదు?

ఏడో తరగతి గణితం పీరియడ్. గోడకు బిగించిన డిజిటల్ బోర్డు మీద భిన్నాల పాఠం వీడియో నడుస్తోంది. గుండ్రటి రొట్టెను ఎనిమిది ముక్కలు చేసి, అందులో మూడింటిని పక్కకు జరిపే బొమ్మలు ఎంతో చక్కగా ఉన్నాయి. గదిలో నలభై మంది పిల్లలున్నారు. వారిలో కొందరికి ఈ పాఠం ముందే తెలుసు. మరికొందరికి భాగహారమే ఇంకా పట్టుబడలేదు. వీడియో మాత్రం అందరికీ ఒకే వేగంతో నడిచి, ఆరు నిమిషాల్లో ముగుస్తుంది. నల్లబల్ల మీద చెప్పినప్పుడు అర్థం కాని పిల్లలకు తెర మీద చూసినా అర్థం కాలేదు.

ఇలా వెనుకబడిన పిల్లలు కొద్దిమందే అనుకుంటే పొరపాటు. గ్రామీణ భారతంలో జరిగే 'అసర్' సర్వే 2024లో ఎనిమిదో తరగతి పిల్లలకు మూడంకెల సంఖ్యను ఒక అంకె సంఖ్యతో భాగించే లెక్క ఇచ్చింది. దాన్ని సరిగా చేయగలిగినవారు 45.8 శాతం. అంటే సగం మందికి పైగా పిల్లలు ప్రాథమిక స్థాయి లెక్క రాకుండానే హైస్కూలు పాఠాలు వింటున్నారు.

ఈ పరిస్థితిలో పాఠశాలలకు ట్యాబ్‌లు, డిజిటల్ బోర్డులు, ఆన్‌లైన్ పాఠాలు పెద్ద ఎత్తున వస్తున్నాయి. వీటివల్ల పిల్లల చదువు నిజంగా మెరుగుపడుతుందా? ఈ ప్రశ్న మీద గత పాతికేళ్లలో మన దేశంలోనే కొన్ని ముఖ్యమైన ప్రయోగాలు జరిగాయి. వాటి ఫలితాలు ఆసక్తికరంగా ఉన్నాయి.

ఉపగ్రహం నుంచి క్యూఆర్ కోడ్ దాకా

బడిలో తెర వాడకం మనకు కొత్త కాదు. 1975 ఆగస్టు 1న 'సైట్' అనే ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం మొదలైంది. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఇస్రో దీన్ని ఏడాదిపాటు నడిపింది. ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 గ్రామాలకు నేరుగా టీవీ కార్యక్రమాలు అందాయి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. బడిపిల్లల కోసం ప్రత్యేక కార్యక్రమాలు తెలుగులోనూ ప్రసారమయ్యాయి. తర్వాత 2004 సెప్టెంబరు 20న పూర్తిగా విద్య కోసమే రూపొందించిన ఎడ్యుశాట్ ఉపగ్రహాన్ని శ్రీహరికోట నుంచి ప్రయోగించారు.

2017లో దీక్షా వేదిక ప్రారంభమైంది. పాఠ్యపుస్తకంలో ముద్రించిన క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియో, అభ్యాసం తెరుచుకునే పద్ధతి దీనితో దేశమంతటా వ్యాపించింది. కోవిడ్ కాలంలో బడులు మూతపడినప్పుడు తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్ల ద్వారా పాఠాలు ప్రసారం చేశారు.

వీటన్నిటిలో ఒక పోలిక ఉంది. మంచి పాఠాన్ని దూరప్రాంతాలకు చేర్చడమే వీటి పని. సబ్జెక్టు టీచరు లేని ఊళ్లో అది చాలా విలువైన సాయం. అయితే పాఠం ఒకవైపు నుంచే వస్తుంది. విన్న పిల్లలకు ఏది అర్థమైందో, ఎక్కడ తప్పు చేస్తున్నారో ఆ ప్రసారానికి తెలియదు.

పెట్టెల్లో ఉండిపోయిన కంప్యూటర్లు

గుజరాత్ ప్రభుత్వం 2000లో వడోదర నగరంలోని మున్సిపల్ పాఠశాలలకు తలా నాలుగు కంప్యూటర్లు ఇచ్చింది. రెండేళ్ల తర్వాత ప్రథమ్ సంస్థ వెళ్లి చూస్తే చాలాచోట్ల అవి పెట్టెల్లోంచి బయటికే రాలేదు. పాడవుతాయన్న భయం ఒక కారణం, నడపగలిగినవారు లేకపోవడం మరో కారణం.

అప్పుడు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో తదితర ఆర్థికవేత్తలతో కలిసి ఒక ప్రయోగం జరిగింది. నాలుగో తరగతి పిల్లలు వారానికి రెండు గంటలు కంప్యూటర్ మీద గణితం ఆటలు ఆడాలి. ఒక గంట బడి వేళల్లో, మరో గంట బడికి ముందో తర్వాతో. ఇద్దరికి ఒక కంప్యూటర్. పిల్లల స్థాయిని బట్టి లెక్కల కష్టం మారుతుంది. కొన్ని బడులను లాటరీ పద్ధతిలో ఎంచుకుని ఈ కార్యక్రమం అమలు చేశారు. మిగతా బడులతో ఫలితాలు పోల్చారు.

ఫలితాన్ని ఇలా అర్థం చేసుకోవచ్చు. వంద మంది పిల్లలను తక్కువ మార్కుల నుంచి ఎక్కువ మార్కుల వైపు వరుసగా నిలబెట్టారనుకోండి. సరిగ్గా మధ్యలో, అంటే 50వ స్థానంలో ఉండే విద్యార్థి ఈ కార్యక్రమం వల్ల మొదటి ఏడాది సుమారు 64వ స్థానానికి, రెండో ఏడాది 68వ స్థానానికి చేరినంత లాభం గణితంలో కనిపించింది. అయితే కార్యక్రమం ఆగిన ఏడాది తర్వాత మళ్లీ పరీక్షిస్తే ఆ లాభంలో చాలా భాగం కరిగిపోయింది. సాధన ఆగితే నేర్చుకున్నది జారిపోతుందన్నమాట.

గుజరాత్‌లోనే లీ లిండెన్ అనే పరిశోధకుడు మరో ప్రయోగం చేశారు. ఈసారి రెండు, మూడో తరగతుల పిల్లలు. మొదట బడి వేళల్లోనే, టీచరు చెప్పే సమయాన్ని తగ్గించి, పిల్లలను కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టారు. గణితంలో మార్కులు పడిపోయాయి. 50వ స్థానంలో ఉండాల్సిన విద్యార్థి సుమారు 28వ స్థానానికి జారినంత నష్టం జరిగింది. తర్వాత అదే కార్యక్రమాన్ని బడి అయ్యాక అదనపు సాధనగా మార్చారు. అప్పుడు మార్కులు పెరిగాయి. చదువులో వెనుకబడిన పిల్లలకు ఎక్కువ మేలు జరిగింది. టీచరు బాగా చెబుతున్న సమయాన్ని కంప్యూటర్ ఆక్రమించినప్పుడు నష్టం, ఆ బోధనకు తోడుగా నిలిచినప్పుడు లాభం వచ్చాయి.

పరికరాలు పంచడం వరకే పరిమితమైతే ఏమవుతుందో దక్షిణ అమెరికాలోని పెరూ దేశం చూపించింది. అక్కడ పల్లె బడుల్లో దాదాపు ప్రతి బిడ్డకూ ఒక ల్యాప్‌టాప్ ఇచ్చారు. 319 పాఠశాలల్లో జరిపిన అధ్యయనంలో గణితం, భాష మార్కులు పెరిగిన దాఖలా కనిపించలేదు.

ఎవరి మెట్టు వారిది

దిల్లీలో 2015-16లో కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గానిమియన్ చేసిన అధ్యయనం ఈ విషయాన్ని మరింత స్పష్టం చేసింది. ప్రభుత్వ పాఠశాలల్లో చదివే 619 మంది పిల్లలు ఇందులో పాల్గొన్నారు. లాటరీలో పేరు వచ్చినవారికి బడి అయ్యాక మైండ్‌స్పార్క్ కేంద్రంలో ఉచితంగా చదువుకునే అవకాశం ఇచ్చారు. రోజుకు 45 నిమిషాలు కంప్యూటర్ మీద, మరో 45 నిమిషాలు చిన్న బృందంలో ఒక సహాయకుడి దగ్గర.

ముందుగా పిల్లల స్థాయిని పరీక్షిస్తే, ఆరో తరగతి విద్యార్థి సగటున గణితంలో రెండున్నర తరగతులు వెనుకబడి ఉన్నట్టు తేలింది. పై తరగతులకు వెళ్లేకొద్దీ ఆ దూరం పెరుగుతోంది. ఈ కార్యక్రమంలో చేరని పిల్లల్లో బాగా వెనుకబడిన మూడో వంతు మంది, రోజూ బడికి వెళ్తున్నా, ఆ కాలంలో కొలవదగ్గ ప్రగతి ఏదీ సాధించలేదు. పాఠ్యపుస్తకం వారి స్థాయిని దాటి ఎప్పుడో ముందుకు వెళ్లిపోయింది.

కేంద్రానికి వెళ్లే అవకాశం వచ్చిన పిల్లల పరిస్థితి వేరు. నాలుగున్నర నెలల్లో గణితంలో 50వ స్థానం నుంచి సుమారు 64కు, హిందీలో 59కి చేరినంత మెరుగుదల కనిపించింది. అయితే బడిలో పెట్టే గణితం పరీక్షలో ఆ తేడా స్పష్టంగా కనిపించలేదు. ఏడో తరగతి విద్యార్థి నాలుగో తరగతి లెక్కలు నేర్చుకుని ఎంత ముందుకు వచ్చినా, ఏడో తరగతి ప్రశ్నపత్రానికి అది తెలియదు కదా!

ఇలాంటి సాఫ్ట్‌వేర్ ఎలా పనిచేస్తుందో ఒక ఉదాహరణతో చూడవచ్చు. సగానికి మూడో వంతు కలిపితే ఎంత అని అడిగితే చాలామంది పిల్లలు 'ఐదింట రెండు వంతులు' అంటారు. పైన ఉన్న అంకెలు రెండూ, కింద ఉన్న అంకెలు రెండూ విడివిడిగా కలిపేయడం వల్ల వచ్చే తప్పు ఇది. సాఫ్ట్‌వేర్ ఈ రకం తప్పును గుర్తుపట్టి, ఐదింట రెండు వంతులు అసలు సగం కన్నా తక్కువని బొమ్మలో చూపిస్తుంది. సగానికి ఇంకొంత కలిపితే సగం కన్నా తగ్గడమేమిటని బిడ్డ ఆగి ఆలోచిస్తుంది. అయినా అర్థం కాకపోతే ఒక మెట్టు కిందికి దిగి, సమాన భిన్నాల లెక్కలు ఇస్తుంది. నలభై మంది పిల్లలకు ఒకే పీరియడ్‌లో ఇలా విడివిడిగా చెప్పడం ఎంత మంచి టీచరుకైనా కష్టమే. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఎంపిక చేసిన ప్రభుత్వ పాఠశాలల్లో ట్యాబ్‌ల ద్వారా ఈ తరహా బోధనను ప్రవేశపెట్టారు.

కంటికి కనిపించనిది చూపించడం

తెరకు మరో బలం కూడా ఉంది. బ్యాటరీకి రెండు బల్బులను ఒకదాని తర్వాత ఒకటి శ్రేణిలో కలిపితే ఏది ఎక్కువగా వెలుగుతుందని అడగండి. మొదటి బల్బు కొంత కరెంటు వాడేసుకుంటుంది కాబట్టి రెండోది మసకగా వెలుగుతుందని చాలామంది పిల్లలు చెబుతారు. నిజానికి శ్రేణిలో అంతటా ఒకే విద్యుత్ ప్రవాహం ఉంటుంది. ఒకే రకం బల్బులైతే రెండూ సమానంగా వెలుగుతాయి. తీగలో ఎలక్ట్రాన్ల కదలిక కంటికి కనిపించదు కాబట్టే ఈ అపోహ అంత గట్టిగా నిలిచిపోతుంది.

భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో ప్రారంభించిన 'ఫెట్' ప్రాజెక్టు ఇలాంటి అంశాలకు అనుకరణలు తయారుచేసింది. అందులో తీగలో కదిలే ఎలక్ట్రాన్లు చుక్కలుగా కనిపిస్తాయి. బల్బుకు ముందూ వెనకా ఒకే వేగంతో కదులుతాయి. 2005లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, నిజమైన పరికరాలతో సాధన చేసిన కళాశాల విద్యార్థులకన్నా ఈ అనుకరణతో సాధన చేసినవారే ఆ తర్వాత నిజమైన వలయాలను బాగా నిర్మించి, వివరించగలిగారు. ఫెట్ ఉచితం. చాలా అనుకరణలు తెలుగులోనూ ఉన్నాయి. ముందుగా డౌన్‌లోడ్ చేసుకుంటే ఇంటర్నెట్ లేకున్నా నడుస్తాయి. అయితే తెర తెరిచే ముందు 'ఏమవుతుందో చెప్పండి' అని పిల్లల చేత ఊహ రాయించాలి. ఊహ తప్పిన చోటే నేర్చుకోవడం మొదలవుతుంది.

గుర్తు తెచ్చుకోవడమే సాధన

2006లో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు ఒక చిన్న పాఠం ఇచ్చారు. కొందరు దాన్నే మళ్లీమళ్లీ చదివారు. మరికొందరు ఒకసారి చదివి, చూడకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీమళ్లీ చదివినవారే ముందున్నారు. వారం తర్వాత చూస్తే వారికి 40 శాతమే గుర్తుంది. గుర్తు తెచ్చుకుని రాసినవారికి 61 శాతం గుర్తుంది. అందువల్ల వీడియోను మళ్లీ చూపించడం కన్నా, దాన్ని ఆపి మూడు ప్రశ్నలు అడగడం మేలు.

ఇందుకు ప్రతి బిడ్డకూ ట్యాబ్ అక్కర్లేదు. 'ప్లిక్కర్స్' అనే పద్ధతిలో ప్రతి విద్యార్థికీ ఒక ప్రత్యేక గుర్తు ముద్రించిన అట్టముక్క ఇస్తారు. దాన్ని ఏ వైపు పైకి పెట్టి చూపితే అదే జవాబు. టీచరు తన ఫోన్ కెమెరాను గది అంతటా ఒకసారి తిప్పితే ఎవరెవరు ఏ జవాబు ఇచ్చారో తెలిసిపోతుంది. సిగ్గుతో చెయ్యెత్తని బిడ్డ జవాబు కూడా అందులో ఉంటుంది.

ఇంటి దగ్గర పరిస్థితి

ఇంటి నుంచి ఆన్‌లైన్‌లో నేర్చుకోమని చెప్పేటప్పుడు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. 2021 అసర్ సర్వే ప్రకారం బడిలో నమోదైన పిల్లల్లో 67.6 శాతం మంది ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది. కానీ ఫోన్ ఉన్న ఇళ్లలోనూ నాలుగో వంతుకు పైగా పిల్లలకు అది చేతికి అందడం లేదు. పగలంతా ఆ ఫోన్ పనికి వెళ్లిన తండ్రి జేబులో ఉండవచ్చు. అలాంటప్పుడు ఫోన్ మీదే హోంవర్క్ ఇస్తే, ముందే వెనుకబడిన పిల్లలు మరింత వెనుకబడతారు.

మామూలు ఫోన్ కూడా పనికొస్తుందని ఆఫ్రికాలోని బోట్స్వానాలో కోవిడ్ కాలంలో జరిగిన ప్రయోగం చూపింది. వారానికోసారి బోధకులు ఫోన్ చేసి, బిడ్డతో, ఇంట్లో పెద్దవారితో మాట్లాడి ఒక లెక్క చేయిస్తే గణితం మెరుగుపడింది. మాటలు లేకుండా ఎస్ఎంఎస్‌లు మాత్రమే పంపితే అంత ప్రయోజనం కనిపించలేదు.

యాప్ ఎంచుకునేటప్పుడు పిల్లల వివరాల భద్రత కూడా చూడాలి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారి సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల ధ్రువీకరించదగిన అనుమతి ఉండాలి.

ఒక పాఠశాల కొత్త పరికరం తెచ్చుకునే ముందు కొన్ని ప్రశ్నలు వేసుకోవచ్చు. ఇది బిడ్డ స్థాయిని కనుక్కుంటుందా? తప్పు చేసినప్పుడు వెంటనే చెబుతుందా? టీచరు ఇప్పటికే బాగా చేస్తున్న పనిని తీసేస్తుందా, చేయలేకపోతున్న పనికి సాయపడుతుందా? పాడైతే ఎవరు బాగుచేస్తారు?

భిన్నాల పాఠం చూస్తున్న ఆ ఏడో తరగతికే మళ్లీ వస్తే, అక్కడ బోర్డు మార్చాల్సిన పనిలేదు. వీడియోను రెండో నిమిషంలో ఆపి, అట్టముక్కలతో ఒక ప్రశ్న అడిగితే చాలు, భాగహారం రాని పిల్లలెవరో టీచరుకు తెలుస్తుంది. మిగతావారు తమ లెక్కలు చేసుకుంటుండగా, ఆ పది మంది దగ్గర కూర్చోవడానికి ఆమెకు పావుగంట దొరుకుతుంది.